దారం ఎవరు కత్తిరించాలి

ఒళ్ళు మండిపోయింది నాకు. నా సొంత మనవరాలు, పేరు అయారు, నడక మొదలుపెట్టింది. మా ఆచారం ప్రకారం దాని కాళ్ళకి దారం కట్టి కత్తిరించాలి, ఆ కత్తిరించేది నేను కాదట. పక్కింటి సపూరా అట.

ఫోన్లో ఈ కబురు చెప్పింది కోడలు జనార్. వాళ్ళుండేది కింద, నేను నాలుగో అంతస్తులో. కరోనా భయానికి మా తరాజ్ ఊళ్ళో ముసలివాళ్ళం మూడు నెలలుగా గడప దాటలేదు. కొడుకు సరుకులు తలుపు దగ్గర పెట్టేసి పోతాడు.

"నేను చచ్చాననుకున్నారా?" అన్నాను.

"అలా అనకండత్తయ్యా. ఎవరు కత్తిరిస్తే పిల్లకి వాళ్ళ నడక, వాళ్ళ గుణం వస్తాయని మీరేగా చెప్పారు. మీరీమధ్య..." నీళ్ళు నమిలింది. "మంచం దిగట్లేదు కదా."

నిజమే. జడ వేసుకుని ఎన్నాళ్ళయిందో. పొద్దున కళ్ళు తెరిస్తే గోడ, పొద్దుగూకితే అదే గోడ. జ్వరం లేదు, నొప్పి లేదు. ఎందుకు లేవాలో తెలియదు, అంతే. ఆ గోడ అవతలే సపూరా. రోజూ ఫోన్లో పకపకా నవ్వుతుంది, గిన్నెలు తోముతూ పాటలు పాడుతుంది. డెబ్బై ఏళ్ళ ముసల్దానికి అంత సంబరమేంటో. ఆ నవ్వు విన్నప్పుడల్లా కడుపు రగిలిపోయేది. ముగ్గురిని కన్నాను, ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పాను. నా మనవరాలికి మాత్రం దాని నడక కావాలట.

ఈ వారం నుంచే ముసలివాళ్ళనీ బయటికి రానిస్తున్నారు. ఆదివారం పొద్దున కింద వాకిట్లో పిల్లని నడిపించడానికి తెల్లగుడ్డ పరుస్తున్నారు. చూడకూడదనుకుంటూనే కిటికీలోంచి చూశాను. అంతలో ఎవరో తలుపు కొట్టారు. మాస్కు కట్టుకుని సపూరా, చేతిలో కత్తెర.

"నాకు చూపించి పోదామనొచ్చావా?"

"నువ్వు కత్తిరించు బల్కియా," అంది కత్తెర చాపి. "నా నడక ఆ పిల్లకొద్దు."

"ఏం, పాడీ పాడీ కాళ్ళరిగిపోయాయా?"

నవ్వలేదది. మాస్కు పైన కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"సరిగ్గా నిద్రపోయి నలభై రోజులైంది. కూతురితో నవ్వుతాను. ఫోన్ పెట్టేశాక వణుకొస్తుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఊపిరాడదు, అందుకే ఆ పాటలు. నీ వైపు నుంచి చిన్న చప్పుడైనా రాదు. ఎంత నిబ్బరమో ఈ మనిషికి అని కుళ్ళి చచ్చాను."

కుళ్ళా. నా మీదా. అబద్ధమెందుకు, ఆ మాట నాకు తియ్యగా ఉంది. నోరు మూసుకుని కత్తెర అందుకుంటే చాలు, నడక నాది. అందుకున్నాను కూడా. రెండు మెట్లు దిగాను. మూడోది దిగలేకపోయాను. సపూరా మనసులో ఉన్నదంతా చెప్పేసింది, నేనేమో గట్టి మనిషినన్నట్టు పోతున్నాను.

"చప్పుడెలా వస్తుందే," అన్నాను వెనక్కి తిరక్కుండానే. "గోడకేసి మొహం పెట్టి పడుంటాను. పోతే బాగుండునని కూడా అనుకున్నాను."

 సపూరా నా వెనకే ఒక్కొక్క మెట్టూ దిగుతూ వచ్చింది.

కింద జనార్ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాకు మనసు బాగోలేదు, దీనికీ బాగోలేదు, ఎవర్ని కత్తిరించమంటావో నువ్వే తేల్చు అన్నాను. జనార్ కళ్ళు తుడుచుకుని పిల్లని నా ముందు నిలబెట్టింది.

"ఇలా చెప్పడానికి అన్ని మెట్లు దిగొచ్చారుగా. మీరే కానివ్వండత్తయ్యా."

వంగి దారం కత్తిరించాను. అయారు రెండడుగులు వేసి కూలబడింది. నా నడకే వచ్చిందనుకున్నాను. మళ్ళీ అదే లేచింది. లేచి, నాకేసి కన్నెత్తైనా చూడకుండా, తిన్నగా వెళ్ళి సపూరా కాళ్ళు వాటేసుకుంది.

చూశారా దాని బుద్ధి. నాకు మళ్ళీ భగ్గుమంది. మూడు నెలల్లో మొదటిసారి ఆకలి కూడా వేసింది.