గొట్టం మీద చెయ్యి

పొద్దున షిఫ్టు గంట మోగగానే, అందరూ చిటపట అని పిలిచే ఆమె చేతులు కడుక్కుని, లావుపాటి గొట్టం మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. గొట్టంలో గ్లూకోజు పాకం పారుతూ ఉండేది. ఆమెకి కోపం రావాలి, అంతే. వచ్చిందంటే చెయ్యి కాలిపోయేది, దాని కింద పారే గ్లూకోజు ఫ్రక్టోజు అయిపోయేది. కొత్తగా కలిపేదేమీ లేదు, తీసేసేదీ లేదు. ఉన్న పరమాణువులే చోటు మారి కూర్చుంటాయి, తీపి రెట్టింపవుతుంది. మిగతా ఫ్యాక్టరీలు ఈ పనికి ఖరీదైన ఎంజైము కొనుక్కుంటాయి. ఈ ఫ్యాక్టరీకి చిటపట ఉంది.

ఎంత మండిపడ్డా సగం పాకమే మారేది. మిగతా సగం మొండికేసేది. "అది చక్కెర గుణం, నీ తప్పు కాదు," అనేది పాకం పరీక్షించే పెద్దావిడ.

కోపం తెప్పించే పని సూపర్‌వైజర్‌ది. అతను చిటపటకి సొంత మరిది. యజమాని ఏరికోరి అతన్నే పెట్టాడు. ఎక్కడ గిచ్చాలో బయటివాళ్ళకేం తెలుస్తుంది?

"వదినా, ఆ బట్టలు కట్టుకున్నావా, వాటి మీద పడుకుని లేచొచ్చావా?"

"నోరు ముయ్యి."

"మా అన్నయ్య అదృష్టం, చెవులు సరిగ్గా వినబడవు."

గొట్టం వేడెక్కేది. గ్లూకోజు వెలుగుని కుడికి తిప్పుతుంది, ఫ్రక్టోజు ఎడమకి. పెద్దావిడ గాజునాళికలోకి చూసి, "ఎడమకి తిరిగింది, చాలు!" అని కేకేసేది.

షిఫ్టు అయ్యాక గొట్టం ఆగేది గానీ కోపం ఆగేది కాదు. రోజంతా మరిది రాజేసినది ఇంటికి వెంట వచ్చేది. గ్లాసు ఒలికినా అరుపే, చెప్పు కనబడకపోయినా అరుపే. ఈమధ్య ఆమె అడుగుల చప్పుడుకే కూతురు మంచం కింద దూరుతోంది.

చిటపట యజమాని దగ్గరికి వెళ్ళింది. "నా పిల్లే నన్ను చూసి దాక్కుంటోంది. ప్యాకింగ్‌కి మార్చండి."

"నువ్వు చల్లబడితే నా పాకం ఎవరు మారుస్తారమ్మా?" అని నవ్వాడాయన. ఆ నవ్వుతోనే పిల్ల సంగతి మరిదికి చేరేశాడు.

మర్నాడు మరిది కొత్త సరుకుతో వచ్చాడు. "వదినా, పిల్ల మంచం కింద కాపురం పెట్టిందట? ఇక మీ ఇంటికి వేరే బూచెందుకు!"

చిటపట అరవలేదు. గొట్టం మీంచి చెయ్యి తీసి, అదే చేత్తో అతని మణికట్టు పట్టుకుంది. అతను గింజుకున్నాడు. వదల్లేదు.

"నా కూతురి జోలికి రాకు," అంది మెల్లగా.

వదిలాక చూస్తే అదే మీసం, అదే బట్టతల, అదే వెకిలి నవ్వు. పెద్దావిడ అతన్ని కిటికీ వెలుగులో నిలబెట్టి ఎగాదిగా చూసి, "సగం మారాడు," అని తన పనిలో పడిపోయింది.

ఆ మర్నాడు మరిది గొంతు సవరించుకున్నాడు. "వదినా, పొద్దున్నే నీ మొహం చూస్తే... కడుపు నిండిపోతుంది." నాలిక కరుచుకుని మళ్ళీ మొదలెట్టాడు. "నీలాంటిదాన్ని కట్టుకుని మా అన్నయ్య... పెట్టి పుట్టాడు."

గొట్టం చల్లగా ఉంది. యజమాని పరుగెత్తుకొచ్చి తనే తిట్టాడు. చిటపటకి కోపం రాక కాదు, బోలెడు వచ్చింది. దాన్ని ఆమె గొట్టంలోకి పంపదలుచుకోలేదు, అంతే. సాయంత్రానికల్లా ఆయన గొణుక్కుంటూ ఎంజైముకి కబురు పెట్టాడు, ఆమెని ప్యాకింగ్‌కి పొమ్మన్నాడు.

చిటపట ఇంటికెళ్ళి చెప్పులు విప్పి, మంచం పక్కన నేలమీద కూర్చుంది. పిలవలేదు.

చాలాసేపటికి కిందనుంచి గొంతు వచ్చింది. "అమ్మా, ఇవాళ బాబాయ్ తిట్టలేదా?"

"తిట్టబోయాడు. కుదరలేదు."

"మరి నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. నీ మీద కాదు."

ముందు ఒక కాలు బయటికొచ్చింది, తరవాత నడుందాకా. అక్కడ ఆగిపోయింది పిల్ల.

చిటపట తొందరపెట్టలేదు.