పేరు రాయని మెచ్చుకోలు

మడత అనే ఓడ పనివాడి కొంప ముంచినవాడు సముద్రపు చుట్టం. ఈ మాట మొదటే చెప్పేయడం మంచిది. ఎందుకంటే చదువుతూ పోతే ఆ పెద్దమనిషి మీద మీకు గౌరవం కలుగుతుంది, కాస్త జాలి కూడా కలుగుతుంది. కలగనివ్వండి. కొంప మునిగిన సంగతి మాత్రం మరిచిపోకండి.

సముద్రపు చుట్టం అన్నది ఆయన కలం పేరు. వయసు డెబ్భై రెండు. విహార నౌకల మీద నలభై సార్లు తిరిగినవాడు. ప్రతి ఆదివారం పత్రికలో ఒక పేజీ ఆయనది. ఏ నౌకలో సూపు చల్లారి వస్తుందో, ఏ నౌకలో చేప రబ్బరులా సాగుతుందో, ఏ అంతస్తులో పడుకుంటే ఇంజను మోతకు పళ్ళు కదులుతాయో, అన్నీ ఆయనకు కొట్టిన పిండి. "పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడే భోజనశాలకు మొదటి రోజు వెళ్ళకండి, అక్కడ ఆకలి కంటే ఆత్రం ఎక్కువ" అని రాసేవాడు. "రెండు జతల బూట్లు, ఒక్క కోటు చాలు, మోసేది మీరే" అని రాసేవాడు. గదుల దగ్గరికొస్తే ఇంకో అడుగు ముందుకేసి నంబరుతో సహా చెప్పేవాడు, ఫలానా నౌకలో ఫలానా గది అడిగి మరీ తీసుకోండి అని. ఆ నంబరు కోసమే ఆయన పేజీ కత్తిరించి దాచుకునేవాళ్ళు చాలామంది ఉండేవారు.

మడత ఆ గదులు సర్దే పనివాడు. ఏడో తరగతితో బడి మానేసి, హోటళ్ళలో పక్కలు వేసి వేసి, ముప్పై నాలుగో ఏట ఓడెక్కాడు. ఇప్పుడు నలభై ఏడు నిండాయి. తువ్వాలును నాలుగు మడతలు పెట్టి రెండు చోట్ల లాగాడంటే పక్క మీద ఏనుగు కూర్చుంటుంది, ఇంకోలా లాగితే హంస. ఆ పేరు అలా వచ్చిందే. పద్దెనిమిది గదులు అతని వంతు. తొమ్మిది నెలలు నీళ్ళ మీద, మూడు నెలలు ఇంటి దగ్గర. ఆ మూడు నెలల్లో కంపెనీ నుంచి మళ్ళీ రమ్మని కాగితం రావాలి. వస్తేనే పని.

ఇల్లంటే ఇల్లు కాదు, బావమరిది ఇంట్లో ఒక గది. పన్నెండేళ్ళు ఓడ మీద పక్కలు పరిచి ఊరి చివర నూట ఇరవై గజాల జాగా కొన్నాడు మడత. ఇక్కడ వంటిల్లు, ఇక్కడ పడక అని అతని భార్య సున్నంతో గీతలు గీసుకుంది. వానకు చెరిగిపోతే మళ్ళీ గీసేది. గోడలు లేవలేదు కానీ కిటికీ చట్రం మాత్రం ముందే కొన్నారు, రెండు రెక్కలది, నిలువెత్తుది. అది బావమరిది వరండాలో గోడకు ఆనించి ఉంది. ఇంకొక్కసారి ఓడెక్కి వస్తే గోడలు లేస్తాయి. వాళ్ళ లెక్క అంతే, ఇంకొక్కసారి.

ఆరువేల నూట పద్నాలుగో గదిలోకి సముద్రపు చుట్టం దిగింది ఆ ఇంకొక్కసారికి ముందు ప్రయాణంలో. రెండో రోజు పొద్దున మడత దుప్పటి మారుస్తుంటే ఆయన కొలతల టేపు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా మడతా, ఈ కిటికీ ఎంతుందంటావ్?"

"నేనెప్పుడూ కొలవలేదు సార్. తుడవడమే."

"నేను కొలిచాను. వాళ్ళు పుస్తకంలో వేసినదానికి నాలుగు వేళ్ళు తక్కువ. రాసేస్తాను."

"రాయండి సార్. నాలుగు వేళ్ళ సముద్రం తినేశారు పాపం."

ముసలాయన పకపకా నవ్వాడు. "మరి నీ గదికెంత కిటికీ?"

"మాకు లేదు సార్. నీళ్ళ కిందుంటాం. ఉంటే చేపలు మమ్మల్ని చూసి నవ్వుకునేవి." దిండు దులిపి, "ఇంటికి మాత్రం పెద్దది పెట్టిస్తున్నా సార్. చట్రం కొనేశాం. గోడలే కావాలి" అన్నాడు మడత.

ఆయన నవ్వు ఆగిపోయింది. మంచి మనసున్నవాడే. కానీ చేతిలోని పుస్తకంలో రాసుకున్నది ఆ నాలుగు వేళ్ళ సంగతే.

అయిదో రోజు సాయంత్రం పెద్ద విందు. ఆ పూట కోటు లేనిదే పెద్ద భోజనశాల గడప దాటనివ్వరు. ఎంతటివాడైనా సరే, తలుపు దగ్గరి మనిషి చిరునవ్వుతో వెనక్కి పంపిస్తాడు. ఆ సాయంత్రం నలభై ఒకటో ప్రయాణానికి గుర్తుగా కెప్టెన్ తన బల్ల దగ్గర సముద్రపు చుట్టానికి సన్మానం పెట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనంలో సూపు గిన్నె ఒలికి ఆయన ఒక్కగానొక్క కోటు తడిసి ముద్దయింది. చాకిరేవు విభాగం వాళ్ళు మర్నాటికి గానీ ఇవ్వలేమన్నారు.

మడత తువ్వాళ్ళు తీసుకుని వెళ్ళేసరికి ఆయన చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, మెడకు టై కట్టుకుని, మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"గదికే భోజనం తెప్పించనా సార్?"

"వద్దులే." ఆయన టై ముడి వదులు చేసుకున్నాడు. "ఆ బల్ల దగ్గర మా ఆవిడా నేనూ ఇరవై ఏళ్ళు కూర్చున్నాం. పోయినేడు ఆవిడ పోయింది. ఇవాళ తన కుర్చీ ఖాళీగా వేసి ఉంచమని అడిగాను. ఇప్పుడు రెండు కుర్చీలూ ఖాళీయే."

ఓడ దిగిపోతూ జనం మరిచిపోయిన వస్తువుల అల్మారా ఒకటి ఉంటుంది. తొంభై రోజులు ఎవరూ ముట్టుకోకూడదు, అడిగి వచ్చినవాళ్ళకే ఇవ్వాలి. తాళం పాతకాపులలో ఒకరి దగ్గర ఉంటుంది. అది మడత నడుముకే వేలాడుతోంది. అందులో ఒక నల్లకోటు నలభై రోజులుగా ఊరికే పడి ఉంది.

పది నిమిషాల్లో తెచ్చాడు. కోటు చేతులు ఆయనకు పొడుగయ్యాయి. ఎవరి కంటా పడకుండా లోపలికి ఒక మడత పెట్టి నాలుగు గుండుసూదులు గుచ్చాడు. అద్దంలో చూసుకున్న ముసలాయన కళ్ళు తడయ్యాయి.

"సార్, ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి. తెలిస్తే నా పని పోతుంది."

"నీ పేరు నా నోట రాదు. ఒట్టు."

ఒట్టు నిలబెట్టుకున్నాడు. పేరు రాయలేదు.

పొద్దున్నే కోటు అల్మారాలోకి చేరింది. పది రోజుల తర్వాత, ఓడ ఇంకో విడత ప్రయాణికులతో బయల్దేరబోతుండగా ఆదివారం పేజీ వచ్చింది. భోజనం గురించి మూడు పేరాలు, కిటికీ గురించి ఒకటి. ఆ తర్వాత దుస్తుల నియమం మీద విరుచుకుపడ్డాడు. "కోటు లేదని మనిషిని ఆకలితో వెనక్కి పంపే నియమం సిగ్గుచేటు. ఆ పూట నా పరువు కాపాడింది మరిచిపోయిన వస్తువుల్లోంచి కోటు తెచ్చి తొడిగిన ఒక పనివాడు. అలాంటివాడు ఒక్కడుంటే చాలు, ఓడకు వేరే అలంకారం అక్కర్లేదు." చివర అలవాటు ప్రకారం ముగింపు: "ఆరువేల నూట పద్నాలుగో గది అడగండి. కిటికీ చిన్నదే, సేవ పెద్దది."

పేరు రాయకపోతే ఒట్టు నిలిచినట్టే అనుకున్నాడు. ఆ గది ఎవరి వంతో ఓడలో పాత్రలు కడిగేవాడికి కూడా తెలుసని ఆయన బుర్రకు తట్టలేదు. నలభై ఒక్క ప్రయాణాలు చేసి కూడా, ఓడకు కింది అంతస్తులు ఉంటాయన్నది ఆయన అనుభవంలోకి రాలేదు.

రెండు వారాలకు, గదుల పనంతా చూసే పెద్ద మేడం మడతను పిలిచింది. బల్ల మీద పత్రిక పరిచి ఉంది.

"ఇది నువ్వేనా?"

"పెద్దాయన మేడం. ఆకలితో కూర్చున్నాడు..."

"గదికి భోజనం పంపితే సరిపోయేది."

"ఆకలి అలాంటిది కాదు మేడం."

ఆవిడ ముఖాన రాక్షసత్వం ఏమీ లేదు. అలసట ఉంది. "చూడు మడతా, నాకు తెలిసి కళ్ళు మూసుకోవచ్చు. అచ్చులో వచ్చాక మూసుకోలేను. ఆ కోటు గలాయన కొడుకు పత్రిక చూసి ఉత్తరం రాశాడు. అది వాళ్ళ నాన్న ఈ ఓడలో మరిచిపోయిన కోటట. ఎవడు తొడుక్కున్నాడని అడుగుతున్నాడు."

"పన్నెండేళ్ళుగా ఒక్క గుండుసూది పోనివ్వలేదు మేడం. ఈసారికి వదిలేయండి. ఇల్లు కట్టుకోవాలి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"లే, లే. కాళ్ళు పట్టుకోవడం ఏమిటి? నాపైన ఇంకో నలుగురున్నారయ్యా." కాగితం తిప్పి అతని ముందుకు తోసింది. పని మానిపించిన కారణం దగ్గర రెండే మాటలున్నాయి: నమ్మకం తప్పినందుకు.

నీళ్ళ కింది గదిలో అతని పై పడకవాడు, పాత్రలు కడిగే నురగ, పెట్టె సర్దిపెట్టాడు.

"అన్నా, నిన్ను తిట్టి ఉంటే ఏమయ్యేది?"

"ఏముంది, ఒకపూట మేడం చివాట్లు."

"పొగిడాడు కాబట్టి కొంపకు పంపించారు. నా గిన్నెలను ఎవడూ పొగడకుండా రోజూ దణ్ణం పెట్టుకుంటా." నవ్వించబోతూ పెట్టెకు తాళం వేశాడు.

భార్య ఒక్క మాట కూడా అనలేదు. ఆ అనకపోవడమే మడతను ఎక్కువ కాల్చింది. వేరే ఓడల వాళ్ళ దగ్గరికి పోతే ముందు వయసు అడిగారు, తర్వాత కాగితం అడిగారు. ఆ రెండు మాటలూ చూసి నవ్వి వెనక్కిచ్చారు. ఊళ్ళో హోటళ్ళ దగ్గరా అదే వరస. "తాళాలు ఇచ్చే పనికి నిన్నెలా పెట్టుకోమంటావ్?" అన్నాడొక యజమాని. అదీ నిజమే. దుప్పట్లు ఉతికే చోట కూలికి కుదిరితే రెండు నెలలకే నడుము పట్టేసింది. పద్నాలుగు నెలలు గడిచాయి. బావమరిది గడప దగ్గర నిలబడి, నేల చూస్తూ, "బావా, గది మాకూ ఇరుకవుతోంది" అన్నాడు. అతని తప్పూ లేదు. ఎన్నాళ్ళని భరిస్తాడు?

ఆ రోజు మడత పత్రిక వాళ్ళను అడిగి చిరునామా పట్టుకుని సముద్రపు చుట్టం ఇంటికి వెళ్ళాడు. తిట్టాలనే వెళ్ళాడు. తలుపు తీసిన ముసలాయన ముఖం చాటంతయింది.

"మడతా! నువ్వా! రా రా, కూర్చో. నీ గురించి ఎంత గొప్పగా రాశానో చదివావా? పాఠకులు ఎన్ని ఉత్తరాలు రాశారనుకున్నావ్!"

"చదివాను సార్. మా మేడం కూడా చదివింది."

"అవునా? ఏమంది?"

మడత జేబులోంచి మడతలు నలిగిపోయిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"కానీ నీ పేరు... నేను పేరు రాయలేదే!"

"గది నంబరు రాశారు సార్."

ముసలాయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఇప్పుడే ఉత్తరం రాస్తాను. నా మాట వాళ్ళు కాదనరు."

రాశాడు. మూడు వారాలకు జవాబు వచ్చింది. తమ అభిమాన ప్రయాణికుడి సలహాకు ధన్యవాదాలు, ఇకపై పెద్ద విందు పూట కోటు లేనివారికి కంపెనీయే అద్దెకు కోటు ఇస్తుంది, తమరి తరువాతి ప్రయాణంలో పది శాతం తగ్గింపు. మడత ఊసే లేదు.

ఆ కాగితం చేత్తో పట్టుకుని ఆయనే మడత ఉండే చోటికి వచ్చాడు. అప్పటికి వాళ్ళు రేకుల గదికి మారారు. కిటికీ చట్రం అక్కడా గోడకు ఆనించి ఉంది. గుమ్మం దగ్గర నిలబడ్డ మడత భార్యను చూసి ఆయన చేతులు జోడించాడు.

"అమ్మా, నలభై ఏళ్ళుగా రాస్తున్నాను. ఏ సూపు చల్లగా ఉందో తప్ప ఏ చెయ్యి వణుకుతూ తెచ్చిందో చూడలేదు. నా మెప్పు ఎవరి చేతిలో ఎలా పేలుతుందో ఆలోచించలేదు."

ఆమె ఇన్ని నెలల మౌనం అప్పుడు కదిలింది. "మీరు మెచ్చుకోకపోయినా బతికేవాళ్ళం బాబుగారూ. ఆయన వద్దన్నాడు కదా. ఆ ఒక్క మాట వినుంటే చాలేది. మీకు కోటు తెచ్చినవాడి మాట మీ చెవికి ఎక్కలేదు, అంతే."

తరువాతి ఆదివారం ఆయన పేజీలో భోజనం లేదు, గది నంబరు లేదు. ఉన్నది ఇంతే: "మనకు సేవ చేసేవాళ్ళు వద్దన్న మాట వద్దన్నట్టే. తిట్టే ముందు ఆలోచిస్తాం కదా, పొగిడే ముందు కూడా ఆ మనిషిని అడగండి. మీ సరదా రాతకు వాళ్ళ బతుకును పణం పెట్టకండి." అదే ఆయన చివరి పేజీ. పాఠకులు గది నంబరు ఏదని ఉత్తరాలు రాశారు.

ఆ నెలలోనే తిండికి చేసిన అప్పుల కింద జాగా చేతులు మారింది. కొన్నవాడు పునాది తవ్వడానికి మనుషులతో వచ్చిన పొద్దున మడత భార్య వెళ్ళి, సున్నం గీతల్లో వంటింటి గీత దగ్గర కాసేపు నిలబడి వచ్చేసింది. చట్రాన్ని కూడా తీసుకుపొమ్మని అడిగితే, తన ఇంటికి అంత పెద్ద కిటికీ అక్కర్లేదన్నాడు కొన్నవాడు.

ఒక మంచిమాట అచ్చులో పడినందుకు మడత పోగొట్టుకున్నది నూట ఇరవై గజాలు.