పడుగు కోసిన రోజు

అయిదో జార్జి చక్రవర్తి చనిపోయిన ఏడాది భాద్రపదమాసంలో, ఏలూరు తంగెళ్ళమూడిలో, తివాచీలు నేసే అబ్దుల్ వహాబ్ భార్య నసీమాకి నొప్పులు మొదలయ్యాయి. మొదలై ఒక రాత్రి గడిచింది. మర్నాడు మధ్యాహ్నం కూడా వాలుతోంది. బిడ్డ మాత్రం రాలేదు.

కన్నాక ఈ నొప్పి మరిచిపోతారని ఆడవాళ్లు చెబుతారు. ఆ మాట చెప్పినవాళ్లందరినీ పట్టుకొచ్చి ఈ చాప మీద కూర్చోబెట్టాలని ఉంది నసీమాకి. ఆమె ఏమీ మరిచిపోలేదు. రెండేళ్ల కిందట అత్తిలిలో, పుట్టింట్లో, తొలి కానుపు. ఇదే నొప్పి. ఆ బిడ్డ ఏడవకుండానే పుట్టింది, ఏడవకుండానే పోయింది. వహాబు అప్పుడు ఏలూరులోనే ఉండిపోయాడు. మగ్గం మీద చిన్న తివాచీ ఒకటి ముగింపుకొచ్చింది, రెండు రోజుల్లో పూర్తిచేసి వస్తానన్నాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. అందుకే ఈసారి అత్తగారు సకీనాబీ కోడల్ని పుట్టింటికి పంపలేదు. "నా కళ్ల ముందే కానుపు జరగాలి" అని పట్టుబట్టింది. కళ్ల ముందు ఉంటే చాలనుకుంది, పాపం.

నొప్పి పొట్టలో పుడుతుందని పెళ్లికాని పిల్లలు అనుకుంటారు. కాదు. వెన్ను చివర, ఎవరో బొటనవేలు పెట్టి అదిమినట్టు మొదలవుతుంది. ముందు అదేమంత కాదు. రెండు బిందెలు ఎక్కువ మోసిన రోజున ఉండే నొప్పే. అక్కణ్ణించి రెండు పక్కలా పాకి ముందుకొచ్చి పొత్తికడుపులో కలుసుకుంటుంది. కలుసుకున్నాక బిగుస్తుంది. నిలువు మగ్గం మీద పైనుంచి కిందికి కట్టిన పడుగు దారాలు వదులైనప్పుడు వహాబు కింది దూలానికి గునపం దూర్చి తిప్పేవాడు. ఒక్కో తిప్పుకీ దారాలు టంగుమనేవి, ఇంక తెగుతాయనిపించేవి, తెగేవి కావు. నసీమా ఒళ్లు కూడా అలాగే తెగకుండా బిగుస్తోంది. తెగిపోతే బాగుండునని ఆమెకి చాలాసార్లు అనిపించింది. పొట్ట రాయైపోయి, ఊపిరి గొంతు దగ్గరే నిలిచిపోయి, ఇంతకన్నా ఇంక లేదు అనుకున్న చోట ఆ గునపం ఇంకొక్క తిప్పు తిరుగుతుంది. ఆ తరవాత, తనకేమీ తెలియనట్టు, మెల్లిగా వదిలేస్తుంది.

వదిలేశాక ఏమీ ఉండదు. అదీ వింత. ఆ కాస్త సందులోనే నసీమాకి నిద్ర పట్టేసేది. ఒకసారి కల కూడా వచ్చింది. అత్తిలిలో అమ్మ వేడన్నంలో మాగాయ కలిపి ముద్దలు పెడుతోంది. మూడో ముద్ద నోటికి అందేలోగా వెన్ను చివర ఆ బొటనవేలు మళ్లీ ఆనింది. నొప్పికన్నా ఈ ఆనడమే భయం. వస్తోందని తెలుస్తుంది, పారిపోవడానికి చోటు లేదు. ఈ ఒంటిని ఇక్కడే చాప మీద వదిలేసి లేచి ఇంటికి వెళ్లిపోదామనిపించింది. ఏ ఇంటికో కూడా తెలియలేదు.

"గట్టిగా అరవకు నసీమా, వీధిలో మగవాళ్లు వింటారు" అంది సకీనాబీ, నోటికి గుడ్డ అందిస్తూ.

నసీమా గుడ్డ కొరికింది. వీధిలో మగవాళ్లందరూ ఒక్కసారి కని చూస్తే అప్పుడు వినొచ్చు అనుకుంది గాని, అనడానికి ఊపిరి లేదు.

సకీనాబీ చెడ్డది కాదు. ఆవిడకు తెలిసిన వైద్యం ఆవిడ చేస్తోంది. ఇంట్లో ముడి ఉన్నంతసేపూ కడుపులో బిడ్డకి దారి దొరకదని ఆవిడ నమ్మకం. వాళ్ల అమ్మ నమ్మకం కూడా అదే. అందుకని తెల్లవారుతూనే కోడలి జడ విప్పింది. మెడలో తాయెత్తు తాడు విప్పింది. పెట్టె తాళాలు తీసి మూతలు ఎత్తి పెట్టింది. పప్పుమూటలు విప్పింది. నులకమంచం నిండా ముడులే కదా అని కోడల్ని చాప మీదికి దింపింది. పెరట్లో మేకకి కట్టిన తాడు కూడా విప్పింది. అది తిన్నగా పక్కింటి సొరపాదు మీద పడి, వానలో తడుస్తూ, దొరికిందంతా మేసింది. ఆ రోజు ఆ ఇంట్లో సుఖపడిన ప్రాణి అదొక్కటే.

మంత్రసాని కనకరత్నం పొద్దున్నే వచ్చింది. పొట్ట మీద రెండు చేతులూ ఆనించి, కళ్లు మూసుకుని చూసింది.

"బిడ్డ వీపు తల్లి వీపుకేసి ఉందండి బీబమ్మగారూ. మొహం పైకి పెట్టుకుని వస్తోంది. అందుకే నడుం ఇంత పీకేస్తోంది. ఈవిణ్ణి మోకాళ్ల మీదా చేతుల మీదా వంచుదామండి. పొట్ట కిందకి వేలాడితే బిడ్డ తిరిగే వీలుంటుంది."

"పశువులా నిలబెడతావా నా కోడల్ని?" అంది సకీనాబీ. "మా ఇళ్లల్లో అలా కనరు. నీకు చేతకాకపోతే చెప్పు, డాక్టరమ్మని పిలిపిస్తాను."

నా ఒళ్లు, నన్ను అడగండి అని నసీమాకి అనాలనిపించింది. అప్పుడే నొప్పి వచ్చింది. అది తగ్గేసరికి ఆ మాట తేలిపోయింది.

వహాబు డాక్టరమ్మ కోసం పరిగెత్తాడు. డాక్టరమ్మ ఉండేది ఊళ్లో, తమ్మిలేటికి అవతల. పైన వానలకు ఏరు పొంగింది. దాటే చోట ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. పీకలోతు వరకూ దిగి చూశాడట. కాలు నిలవలేదు. ఎవరో పంచె పట్టుకుని వెనక్కి లాగారు. అవతలి గట్టు మీద జనం కనబడుతున్నారు, కేకేస్తే వినబడదు. వహాబు తడిసి ముద్దై తిరిగొచ్చాడు. ముందుగదికీ పురిటిగదికీ మధ్య కట్టిన తెర ఇవతలే ఆగిపోయాడు.

"నీళ్లు తగ్గలేదమ్మా" అన్నాడు తల్లితో.

సకీనాబీ తెర తీసుకుని ముందుగదిలోకి వచ్చింది. కొడుకు మొహంలోకి చూడబోయి, అతని వెనక ఉన్న మగ్గాన్ని చూసింది. చూసి అలాగే నిలబడిపోయింది.

మగ్గం మీద తివాచీ ఉంది. ఏడు నెలల పని. ఇంకో మూరెడు నేస్తే పూర్తయ్యేది. ఉన్ని దారాన్ని రెండేసి పడుగు దారాలకి చుట్టి, ముడేసి, కత్తితో తెంపి, మళ్లీ ఇంకో ముడి. అలా వరసకి ఆరువందల ముడులు. ఆ తివాచీ సగం నసీమాదే. నమూనా ఆమె తండ్రిది. ఏ కాగితం మీదా లేదు, ఆమె తలలో ఉంది. ఆమె వీధికి కనబడకుండా తెర వెనక కూర్చుని రంగులు పిలిచేది, వహాబు ముడులు వేసేవాడు. "రెండు ఎరుపు, ఒకటి తెలుపు, నాలుగు నీలం" అని ఆమె గొంతు, "ఒకటి తెలుపు, నాలుగు నీలం" అని అతని గొంతు. ఏడు నెలలు ఆ ఇల్లు అలాగే పలికింది. కడుపులో బిడ్డ మొదటిసారి కదిలిన రోజున ఆమె పిలుపు తప్పింది. మూల పువ్వులో ఒక రేక ఎరుపుకి బదులు పసుపు పడింది. విప్పుదామన్నాడు వహాబు. ఉండనివ్వండి అంది నసీమా.

"ఇన్ని ముడులు ఇంట్లో పెట్టుకుని మేక తాడు విప్పానురా నేను" అంది సకీనాబీ.

వహాబు వెళ్లి మగ్గం ముందు కూర్చున్నాడు. లోపల నసీమా నొప్పి మధ్యలో ఉంది. నొప్పి దిగేసరికి అతని గొంతు వినబడింది. "ఒకటి నీలం. రెండు ఎరుపు." ఏమిటిది, నేను పిలవకుండానే నేస్తున్నారా అనుకుంది. ఇంకాస్త విన్నాక తెలిసింది. వరస వెనకనుంచి ముందుకి వస్తోంది. వేసిన ముడులు ఒక్కొక్కటీ విప్పుతున్నాడు. అలవాటు కొద్దీ ప్రతి రంగూ పలుకుతున్నాడు.

వద్దండీ అని చెప్పడానికి నోరు తెరిచింది. ఏడు నెలలు, నాన్న నమూనా, మద్రాసు షాపువాళ్ల ఆర్డరు, సేటుగారి దగ్గర అప్పు తెచ్చిన ఉన్ని, అన్నీ ఆ నోటి దాకా వచ్చాయి. ఈలోగా బొటనవేలు వెన్నుని తాకింది. గునపం తిరిగింది. ఈసారి ఆగలేదు. ఒకటి పూర్తిగా దిగకముందే ఇంకొకటి ఎక్కింది. ఒళ్లంతా చలికి వణికినట్టు వణికింది. తాగిన జావ కక్కింది. బయట గొంతు చెబుతూనే ఉంది. "నాలుగు నీలం. ఒకటి తెలుపు." వరసకి ఆరువందలు, ఎన్నెన్నో వరసలు. ఇతను ఇలా విప్పుతూ ఉంటే తను ఇంకెన్ని రోజులు ఈ చాప మీద ఉండాలి?

"ఒక్కొక్కటీ ఏమిటండీ!" అని అరిచింది నసీమా. వీధంతా వినబడేలా అరిచింది. "కోసెయ్యండి! మొత్తం కోసెయ్యండి!"

ఆ గొంతు తనదేనని ఆమెకి తెలియలేదు. నొప్పి పోతుందంటే ఆ క్షణాన ఆమె తివాచీనే కాదు, మొగుణ్ణి కూడా ఇచ్చేసేది. అది ఆమె తప్పు కాదు.

వహాబు కత్తి తీశాడు. బిగిసి ఉన్న పడుగు తెగుతుంటే టప్ టప్ మని ఒక్కో గుత్తీ పలికింది. ఆఖరికి బరువుగా ఏదో నేల మీద పడింది. వహాబు అక్కడ ఉండలేకపోయాడు. నీళ్లు తగ్గాయేమో చూసొస్తానని మళ్లీ తమ్మిలేటి గట్టుకి వెళ్లిపోయాడు.

లోపల ముగ్గురాడవాళ్లూ ఎదురుచూశారు. సకీనాబీ తిరిగొచ్చి కోడలి పొట్ట కేసే చూస్తూ కూర్చుంది. నొప్పి వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది. బిడ్డ కదల్లేదు. నసీమా ఇరవై నొప్పులు లెక్కపెట్టి వదిలేసింది. ఇంట్లో విప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. గంట దాటింది. సకీనాబీ గోడకి జారబడి, చీర చెంగు మొహం మీద కప్పుకుంది.

"బీబమ్మగారూ, ఇప్పుడైనా నా మాట వినండి" అంది కనకరత్నం.

సకీనాబీ చెంగు తియ్యకుండానే చెయ్యి ఊపింది. నీ ఇష్టం అన్నట్టు.

కనకరత్నం నసీమాని లేపి మోకాళ్ల మీద వంచింది. తన భుజం ఆమె తలకి ఆనించింది. గట్టి అరచేత్తో నడుం అదిమింది. "ఊపిరి బిగబట్టకు తల్లీ. వదిలెయ్యి. ఇంకా వదిలెయ్యి" అంటూ నొప్పి నొప్పికీ పక్కలు నిమిరింది. నాలుగు నొప్పులో, అయిదో. కడుపులో పెద్ద చేప మలుపు తిరిగినట్టు ఏదో తిరిగింది. తిరగ్గానే వెన్నులోంచి ఆ బొటనవేలు పోయింది. దాని చోట ఇంకొకటి వచ్చింది. ముక్కడం. ఆమె ముక్కడం కాదు, ఒళ్లే తనంతట తాను ముక్కింది. ఆపమన్నా ఆగదు, చెయ్యమన్నా వినదు. నిప్పు అంటుకున్నట్టు కింద మండింది. అమ్మా అంది నసీమా, అత్తిలి వినబడేటట్టు. బిడ్డ జారి కనకరత్నం చేతుల్లో పడింది.

ఏడవలేదు.

నసీమా ఆ నిశ్శబ్దాన్ని గుర్తుపట్టింది. రెండేళ్ల కిందటిదే. కనకరత్నం బిడ్డని తలకిందులుగా పట్టుకుని, నోట్లో వేలు పెట్టి తుడిచి, వీపు మీద ఒకటి చరిచింది. రెండోది చరిచింది. మూడోదానికి మేకపిల్ల అరిచినట్టు సన్నగా ఏడుపు వచ్చింది. ఆడపిల్ల.

"బొడ్డు కట్టాలి, దారం ఇవ్వండి" అంది కనకరత్నం. సకీనాబీ ముందుగదిలోకి వెళ్లి తెగిపడిన పడుగు దారం ఒకటి తెచ్చి, మరిగే నీళ్లలో ముంచి ఇచ్చింది. మంత్రసాని రెండు ముడులు గట్టిగా బిగించింది. సకీనాబీ మొహం తిప్పుకుంది.

వీధి గుమ్మంలో తడికాళ్ల చప్పుడయింది. ఏడుపు విని వహాబు గోడ పట్టుకున్నాడు కాబోలు. ఆ తరవాత తెర వరకూ వచ్చాడు.

"నసీమా! బాగున్నావా?"

"బాగున్నానండీ. ఆడపిల్ల. ఏడుస్తోంది, వినండి."

"విన్నాను" అన్నాడు. "నేను కోయగానే వచ్చిందా?"

సకీనాబీ తలెత్తి కోడలి కేసి చూసింది. కనకరత్నం బిడ్డని తుడుస్తూ తల వంచుకునే ఉంది. తెర కింద వహాబు పాదాలు కనబడుతున్నాయి. బురద పాదాలు. రెండుసార్లు ఏటి దాకా పోయి ఉత్తచేతులతో వచ్చిన పాదాలు. వాటి వెనక, నేల మీద, కుప్పపడిన తివాచీ అంచు. పసుపు రేక ఉన్న మూలే. ఈ మనిషి ఏడు నెలలు కోసేశాడు. అది దేనికీ పనికిరాలేదని తను ఎలా చెబుతుంది?

"కోయగానే వచ్చిందండీ" అంది నసీమా. "మీరు కోసిన చప్పుడు వినబడింది. అప్పుడే కదిలింది."

అవతల వెక్కిళ్లు వినబడ్డాయి. సంతోషంతో ఏడుస్తున్నాడనుకుంది. ఏడవడం మాత్రం నిజమే.

"అప్పుడు కూడా మగ్గం మీద తివాచీ ఉంది నసీమా" అన్నాడు వహాబు. "నువ్వు అత్తిలిలో ఉన్నప్పుడు. చిన్నదే. నేనిక్కడ కూర్చుని ముడులు వేస్తూనే ఉన్నాను. నువ్వక్కడ నొప్పులు పడుతుంటే ఒక్కొక్క ముడీ వేస్తూనే ఉన్నాను."

"కాదండీ" అంది నసీమా. లేవబోయింది. ఒళ్లు లేవలేదు. "అది కాదండీ, వినండి..."

బురద పాదాలు తెర దగ్గరనుంచి కదిలి వెళ్లిపోయాయి. ముందుగదిలో అతను తెగిన పడుగుని పోగుచేస్తున్న చప్పుడు వినబడింది. బిడ్డ మళ్లీ ఏడుపు అందుకుంది.