ఖు. వాము

హనుమాయమ్మ తొమ్మిదో చిటికెడు గాజుపలక మీద పోసి, వేలి కొనతో విడదీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది. పదహారు బస్తాల వాము వచ్చింది. పదహారు చిటికెళ్ళూ చూడందే ఆమెకు కాఫీ గొంతు దిగదు. నిజానికి పదహారు బస్తాలకి అయిదింట్లోంచి తీసి చూస్తే చాలని రూలు. ఆ అయిదూ నిన్ననే పరీక్ష చేసి ల్యాబులో కొత్తగా చేరిన డయానా సంతకం కూడా పెట్టేసింది. హనుమాయమ్మను చూడమని ఎవరూ అడగలేదు. గాజుసామాను కడగడం, బల్లలు తుడవడం ఆమె ఉద్యోగం. ఉయ్యూరు దారిలో ఉన్న ఈ ఆయుర్వేద మందుల ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్ళుగా అదే ఉద్యోగం. చూడటం మాత్రం ఆమె సొంతం.

ఆ చూపు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. పెడనలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్ల. అయిదో తరగతితో బడి మానేసి, నాన్న నేసిన బట్టకి భూతద్దం ఆనించి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టేది. పోగు ఎక్కడ జారిందో అందరికన్నా ముందు చెప్పేది. తర్వాత పెళ్ళి, మగ్గం మూలపడటం, మొగుడు పోవడం, చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. ఇక్కడ చేరిన కొత్తలో అప్పటి పెద్దసారు ఒకరోజు ఆమెను మైక్రోస్కోపులో వాము చూడనిచ్చాడు.

"ఇది టర్కీ తువ్వాలు కదండీ!" అంది.

సారు నవ్వలేదు. ఎందుకంటే లోకమంతా గింజ అనే వాము నిజానికి బుల్లి కాయ. దాని తోలు మీద నిలువునా గట్లు, వాటి నిండా తువ్వాలు పోగుల్లా పొట్టి పొట్టి బుడిపెలు. ఆనాటి నుంచి ఆమెకు సోంపు అంటే ఇస్త్రీ చేసిన చారల గుడ్డ. జీలకర్ర అంటే నూగు రాలని కొత్త దుప్పటి.

తొమ్మిదోది తువ్వాలే. పదోదీ తువ్వాలే. పదకొండో చిటికెడు పెట్టేసరికి తువ్వాలు లేదు. చిక్కుడు గింజలా ఒంపు తిరిగిన ఒళ్ళు, దాని మీద దోమతెర కప్పినట్టు గళ్ళు. అద్దం తుడిచి మళ్ళీ చూసింది. దోమతెరే. అంటే ఖురసాని వాము. పేరులో వాము ఉంది గానీ వాముకి చుట్టమూ కాదు పక్కమూ కాదు, అది ఉమ్మెత్త చుట్టం, విషం. కాయ కూడా కాదు, విత్తనం. శుద్ధి చేసి రవ్వంత వేస్తే కీళ్ళ నొప్పుల మందులో పనికొస్తుంది. ఈ పదహారు బస్తాలూ మాత్రం పదకొండింటికి పసిపిల్లల కడుపునొప్పి మందు కాచే కాగులోకి పోవాలి. గడియారంలో పదిన్నర.

"డయానమ్మా, పదకొండో బస్తా ఆపాలి."

డయానా గుణదల పిల్ల. ఎమ్మెస్సీ చదివి చేరి రెండు నెలలయింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ చిటికెడు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాము వాసనే వస్తోంది కదండీ, హనుమాయమ్మ గారూ."

"రాక? వారం రోజులుగా వాము బస్తాల మధ్య పడుకుంది. పక్కింట్లో చేపల పులుసు పెడితే నీ చున్నీకి వాసన రాదూ? అంతమాత్రాన నీ చున్నీ చేపయిపోద్దా?"

డయానాకి నవ్వొచ్చింది. అంతలోనే తన సంతకం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

"సంతకం పెట్టేశానండీ. ఇప్పుడు కొట్టేస్తే మేనేజరు గారు నన్నుంచుతారా? తీరా అది వామే అయితే?"

"అయితే నన్ను తిట్టు. ముందు చూడు."

చూసింది. "అన్నీ మట్టిరంగు చుక్కలేనండీ."

"చుక్కలు చూడకు, గుడ్డ చూడు. చీర కొనేటప్పుడు రంగు చూస్తావా, నేత చూస్తావా?"

"రేటు చూస్తానండీ."

"ఈ పూటకి నేత చూడు తల్లీ. ఇది పదో బస్తా, ఇది పదకొండు. మార్చి మార్చి చూడు."

డయానా పలకలు మార్చింది. మళ్ళీ మార్చింది. నాలుగోసారికి ఆమె వీపు నిటారుగా అయింది.

"దోమతెర," అంది మెల్లగా.

ఇక ఆమె ఎవరినీ అడగలేదు. కాగితం చిరిగేంత గట్టిగా తన సంతకం కొట్టేసి, కాగు దగ్గరికి ఫోను చేసింది. రెండు నిమిషాల్లో స్టోరు చూసే అంకమ్మరావు రొప్పుతూ వచ్చాడు.

"ఏందక్కా ఇది! మంట పెట్టాక ఆపమంటారా? అది ఖుద్దూస్ భాయ్ పంపిన వాము! బస్తా మీద రాసే ఉంది, 'ఖు. వాము' అని. నేనే చదివి వాము వరసలో పెట్టించా!"

"ఖుద్దూస్ భాయ్ పంపేది కరక్కాయలు గదరా. ఎప్పుడన్నా వాము పంపాడా?"

అంకమ్మరావు బస్తా మీది రాతను గాలిలో వేలితో మళ్ళీ రాసుకున్నాడు.

"ఖు అంటే... ఖురసానీనా అక్కా?" స్టూలు మీద కూలబడ్డాడు. "మా మనవరాలికి రోజూ ఈ మందే పోస్తాం."

హనుమాయమ్మ అతనికి మంచినీళ్ళిచ్చి, మిగిలిన అయిదు చిటికెళ్ళూ చూసింది. అన్నీ తువ్వాలే. అప్పుడు కాఫీ తాగింది.

సాయంత్రం డయానా కొత్త రిపోర్టు రాస్తూ 'చూసినవారు, విద్యార్హత' అనే గడి దగ్గర ఆగింది.

"మీ పేరే రాయాలండీ. చదువు ఏమని రాయను?"

"అయిదు పాసని రాస్తే మీ మేనేజరుకి దడుపు జ్వరమొస్తది. నీ పేరే రాసుకో. నీ కళ్ళతో చూశావు గదా."

అది వినయం కాదు. బస్సు టైమయిందన్న తొందర. అయినా వెళ్ళేముందు డయానా సంచిలోని గోళ్ళరంగు అడిగి, పదకొండో బస్తా పలక మీద పై అద్దం కదలకుండా చుట్టూ పూసి, చీటీ రాసి అంటించి, కిటికీలో ఆరబెట్టింది. శనివారం కదా, అయిదున్నర బస్సులో జనం. సీటు దొరికిందో లేదో.

ఆదివారం మధ్యాహ్నం గోంగూర పచ్చడితో అన్నం తిని, చాప మీద వాలిన హనుమాయమ్మ మళ్ళీ లేవలేదు.

మంగళవారం ఏడు బస్తాల సోంపు వచ్చింది. నాలుగు చూస్తే చాలని రూలు. డయానా ఏడు చిటికెళ్ళు తీసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చుంది. కిటికీలో ఎండ పడుతున్న గాజుపలక మీద, ఒక్క అక్షరమూ కుదించకుండా 'ఖురసాని వాము' అని గుండ్రంగా రాసి ఉంది. చుట్టూ గోళ్ళరంగు ఆరిపోయి, చీర అంచులా సన్నగా, ఎర్రగా, ఎక్కడా పోగు జారకుండా.