తెరుచుకోని తెరువు

అల్లూరు హైస్కూల్లో తెలుగు సారు పెంచలప్రసాద్ శ్లేష లేకుండా శ్వాస కూడా తీయడని పిల్లలందరికీ తెలుసు. పాఠాన్ని ఆటగా మార్చి, అందులో ఆయన్నే బంధించే అవకాశం వస్తే వదులుకుంటారా? తొమ్మిదో తరగతి వాళ్ళు సామాన్ల గదిని ఎస్కేప్ గేమ్‌గా తయారుచేశారు. లోపలున్న చిక్కులన్నీ విప్పితేనే బయట గొళ్ళెం తీస్తారు.

"తలుపు మూసినా తలపు మూయలేరురా," అంటూ ఆయన లోపలికి నడిచాడు.

మొదటి చిక్కు సంధి. చిటికెలో విడదీశాడు. రెండో చిక్కు ఐసు డబ్బా. అందులో చెయ్యి పెట్టి చీటీ వెతకాలి. కిటికీలకు గోతాలు కట్టి ఉన్నాయి. చీకట్లో పచ్చిరొయ్యల నీచు. చీటీ దొరికేసరికి వేళ్ళు కొయ్యబారాయి. దాన్ని తలుపు సందు వెలుతురులో పట్టి చదివాడు. ‘బతుకు’ అని రాసి పక్కన ఖాళీ వదిలారు.

"తెరువు," అన్నాడు గర్వంగా. "అంటే దారి. అంటే తియ్యి. నా శిష్యులనిపించినార్రా."

తలుపు కదల్లేదు.

"జవాబు కరెక్టే గదా, బిందూ?"

"కరెక్టే సార్." ఆట తయారుచేసిన బిందు గొంతు అవతలి నుంచి వచ్చింది. "లిల్లీ కూడా లోపల్నించి తెరువన్నా తెరువన్నా అనిందంట. తెరవలా."

"ఏ లిల్లీ?"

"మన క్లాసు లిల్లీనే సార్. బతుకుతెరువని వాళ్ళమ్మ రొయ్యలొలిచే షెడ్డులో పెట్టింది. బయట తాళమేస్తారు. తనిఖీకొచ్చినోళ్ళు మూసుండాదనుకొని పోతారు. మీకు చెప్పబోయినాం. మీరు ‘లిల్లీ నిల్లు’ అని నవ్వించినారు."

నెల రోజులుగా హాజరులో లిల్లీ పలకనప్పుడల్లా ఆయన అన్న మాటే అది. మనమున్నా నవ్వి ఉండేవాళ్ళమే. ఇప్పుడా మాట చీకట్లో ఆయన చెవిలోనే తిరుగుతోంది, నవ్వులు మాత్రం లేవు.

గొళ్ళెం తీశాక ఆయన నేరుగా ఆఫీసు గదికి నడిచాడు. హెడ్మిస్ట్రెస్ జయశీల గారిని, మండలాఫీసు వాళ్ళను వెంటబెట్టుకొని షెడ్డుకు పోయి తాళం తీయించాడు. లిల్లీ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ రొయ్య అందుకుంది.

"రామ్మా, బడికి పోదాం."

"రిజిస్టర్లో నా పేరింకా ఉండాదా సార్?"

జయశీల గారు లిల్లీ చేతులను కొంగులో చుట్టి వెచ్చబెడుతూ, ఆయన వైపు చూడకుండా అన్నారు:

"ఉండాది తల్లీ. రోజూ చదివినాం. రాని బిడ్డ పేరు చదివి, ఎందుకు రాలేదని అడగని ప్రతి పంతులూ ఈ తాళం వేసినోళ్ళలో ఒకరు. ఆ బిడ్డను వెతికి పిలుచుకొచ్చేదాకా ఏ బళ్ళోనూ హాజరు పూర్తయినట్టు కాదు."