పాలెం గోలు వెడల్పు

సాయంత్రం కోల్డ్ స్టోరేజీలో బస్తాల పని అయిపోగానే ఇమ్మానియేలు తలకు చుట్టిన తువ్వాలు విప్పి, ఒంటికి పట్టిన మిరప కారం దులుపుకుని, తిన్నగా కరీమున్ టీ కొట్టుకు వచ్చేవాడు. ఇంటికొచ్చి రెండు చెంబులు పోసుకుని వెళ్ళొచ్చు కదా అని పెళ్ళాం పుల్లమ్మ మొత్తుకునేది. అతను వినేవాడు కాదు. కారం పట్టిన మనిషి పక్కన కూర్చుంటే తుమ్ములొస్తాయి కాబట్టి బెంచీ మీద మిగతావాళ్ళు కాస్త ఎడంగా జరిగేవాళ్ళు. అందువల్ల ఎప్పుడొచ్చినా అతనికి చోటుండేది.

కొట్టు ముందు ఫుట్‌బాల్ గ్రౌండు. ఈ మిరప నేలల్లో ఎక్కడ చూసినా క్రికెట్టే; లేదంటే కబడ్డీ, ఎడ్ల పందేలు. మిషన్‌పాలెంలో మాత్రం ఫుట్‌బాలు. ఎప్పుడో మిషను బడిలో లెక్కలు చెప్పిన దొర ఒకాయన తోలు బంతి తెచ్చాడట. దొర పోయాడు, బడి పెంకులు పోయాయి, బంతి మిగిలింది. నిజానికి ఆ బంతీ పోయింది, కానీ అలవాటు పోలేదు. కల్లాల కాలంలో గ్రౌండు నిండా మిరపకాయలు ఆరబోస్తారు. అవి ఎత్తేశాక కూడా చాన్నాళ్ళు దుమ్ము లేస్తే కళ్ళు మండుతాయి. వేరే ఊరి ఆటగాళ్ళు ఇక్కడ ఆడి ఏడుస్తూ వెళ్ళేవాళ్ళు. పాలెం వాళ్ళు ఏడుపుకి అలవాటు పడ్డవాళ్ళు.

పర్చూరు, మార్టూరు చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళ జట్లు తొలకరి పడ్డాక కప్పు ఆడతాయి. పాలెం జట్టు కొన్నేళ్ళుగా ఆఖరున నిలుస్తోంది. ఈసారీ అలాగే అయితే తీసేస్తామని కమిటీ చెప్పింది. అందుకని ఎండలు ముదిరినప్పటినుంచీ కొట్టు దగ్గర ఇదే చర్చ.

"ఈసారి సెమీస్ ఖాయం," అన్నాడు నాగేంద్రబాబు. ఆయనకు మిరప, పత్తి కలిపి పెద్ద వ్యవసాయం. ఏటా ఈ మాటతోనే మొదలుపెట్టేవాడు.

"సెమీస్ అంటే సెమీ లగ్జరీ బస్సా బాబాయ్? అది మనూళ్ళో ఆగదు," అన్నాడు పురుగుమందుల కొట్టు త్రినాథ్.

"నవ్వుతావేంట్రా? ఫార్వర్డు లైను బాగుంది. అల్లాబక్షు కాలు చూశావా? కొడితే బంతి చిరిగిపోవాలి."

"పోయినేడు చిరిగిందిగా! గోలు పడలా, బంతి చిరిగింది. ఇద్దరం చందా వేసి కొత్తది కొన్నాం."

"సరే, మధ్యవాళ్ళు?"

"మధ్యవాళ్ళు మధ్యలోనే ఉంటారు. ముందుకు రారు, వెనక్కి పోరు. మా ఇంట్లో మా బావమరిది లాగా."

టీ పోస్తున్న కరీమున్ కూడా నవ్వింది. కానీ ఎక్కడ మొదలుపెట్టినా మాట చివరికి కీపరు దగ్గరికే వచ్చేది. కీపరు ఇమ్మానియేలు కొడుకు మార్క్. డిగ్రీ మధ్యలో మానేసి పొద్దున చేలల్లో మందు కొట్టే కూలికి వెళ్ళి, సాయంత్రం కొట్టువైపు గోలులో ఒక్కడే సాధన చేసేవాడు. గోడకు కొట్టుకున్న బంతిలా అటూ ఇటూ దూకుతూ ఉండేవాడు.

"వాడు తాలుకాయ," అన్నాడు నాగేంద్రబాబు. "చెట్టున ఉన్నంతసేపూ ఎర్రగానే ఉంటాడు. కల్లంలోకొచ్చాక చూడాలి, తెల్లమొహం."

అందరూ ఇమ్మానియేలు వంక చూశారు.

"తాలుకైనా ఎవడో ఒకడు బేరం ఆడతాడండీ," అన్నాడు ఇమ్మానియేలు గట్టిగా, గ్రౌండులోకి వినపడేటట్టు. "వీణ్ణి ఎవడు ఏరుకుంటాడు? పనికిమాలినోడు."

బెంచీ మీద నవ్వులు లేచాయి. అటు గోలుబాదు కిర్రుమని మూరెడు పక్కకు జరిగింది. అడ్డబాదు అంతమేరా సాగింది. మార్క్ బంతి కింద పెట్టి, కొత్తగా వచ్చిన ఆ మూరెడునీ ఒకసారి చూసి, మళ్ళీ సాధనలో పడ్డాడు.

మార్క్‌ను ఎవరన్నా ఒక మాటంటే అతను కాసే చోటు వెడల్పవుతుంది. మంచిమాటంటే దగ్గరవుతుంది. పాలెంలో ఇది అందరికీ తెలిసిందే. సగం ఆటయ్యాక కొసలు మారితే వెడల్పు కూడా అతని వెంట ఆ కొసకు పోయేది. కొలిచి చూసిన రిఫరీ, గ్రౌండు మీది, మీ ఇష్టం అనేవాడు. అసలు చిక్కు వలతోనే వచ్చింది. చాలకపోతే ఓడరేవు నుంచి పాత చేపల వల తెచ్చి అతికారు. అదీ చాలకపోతే కరీమున్ ఉల్లిపాయల గోతాలిచ్చింది. ఒకసారి క్రిస్మస్ కూటాలకొచ్చిన బయటి ఊరి పాస్టరుగారు మార్క్ ఆట చూసి "శభాష్, పులిలా ఉన్నాడే" అంటే బాదులు బారెడు లోపలికొచ్చాయి. ఆ వారమంతా పాలెం ఒక్క గోలు కూడా ఇవ్వలేదు. అయినా ఆ మాట మళ్ళీ ఎవరూ అనలేదు. ఎవరికి వాళ్ళు, పక్కవాడు అంటాడులే అనుకున్నారు. మంచిమాట విషయంలో మన ఊళ్ళన్నీ ఇంతే.

"పిల్లాడు వింటున్నాడన్నా," అంది కరీమున్, గ్లాసులు కడుగుతూ.

"వినాలనే అంటున్నా," అన్నాడు ఇమ్మానియేలు.

అతను ఎందుకలా అంటాడో అక్కడెవరికీ తెలియదు. కొడుకు అంతటి కీపరు జిల్లాలో లేడని అతని నమ్మకం. రాత్రి పడుకుంటే కొడుకు దూకిన దూకుళ్ళు కళ్ళముందు ఆడేవి, కడుపు నిండిపోయేది. కానీ ఆ మాట నోట్లోంచి రాకూడదు. పెద్దకొడుకు ప్రకాష్ ఒక క్రిస్మస్‌కి గుడిలో పాట పాడాడు. ఇమ్మానియేలు ఆపుకోలేక, "నా కొడుకు గొంతులాంటిది ఈ భూమ్మీద లేదు" అని అందరి ముందూ అన్నాడు. కొత్త సంవత్సరం ఆరాధన నాటికి ప్రకాష్ డెంగీ జ్వరంతో పోయాడు. కన్నవాళ్ళ దిష్టికి నాపరాళ్ళు పగులుతాయని, బిడ్డను పొగిడితే ఆయుష్షు తీసినట్టేనని ఇమ్మానియేలు తల్లి చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉండేది. విశ్వాసులకు దిష్టి అనేదే లేదని పాస్టరుగారు అన్నారు. ఇమ్మానియేలు ఆదివారం పూట పాస్టరుగారు చెప్పింది నమ్మేవాడు, మిగతా రోజుల్లో తల్లి చెప్పింది.

గోలు పెరిగితే పెరిగింది, పిల్లాడు బతికి ఉంటే చాలు. ఇదీ అతని లెక్క.

మృగశిర దగ్గరపడ్డాక ఒక సాయంత్రం మార్క్ కొట్టు వెనక తండ్రిని ఆపాడు.

"నాన్నా, బెంచీ మీద వాళ్ళ మాటకు గోలు జానెడు పెరిగితే, నీ మాటకు మూరెడు పెరుగుతోంది. చూస్తున్నావా?"

"చూస్తున్నా."

"ఆట మొదలయ్యే ముందు ఒక్క మంచిమాట అను. మనసులో లేకపోయినా సరే, పైకి అను. లేకపోతే కాయడం నా వల్ల కాదు. ఈ ఒక్క ఆట చూసి మార్టూరు పోతాను, రాయి పాలిషు పనికి."

 ఆ పనిలో ఊపిరిలోకి పోయే రాతిపొడి సంగతి ఇమ్మానియేలుకు తెలుసు. పాలెం నుంచి వెళ్ళిన ప్రేమదాసు కొన్నేళ్ళకే ఊపిరి అందక, దిండుకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు.

"ఆ పనికి పోవద్దు," అన్నాడు.

"అయితే ఆ మాట అను."

"అది మాత్రం అడగొద్దురా."

మార్క్ ఇంటికెళ్ళి తల్లికి చెప్పాడు. పుల్లమ్మ రాత్రి అన్నం ముందు గొడవ పెట్టుకుంది. "నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని అడిగింది. ఆమెకూ అసలు కారణం చెప్పలేదు. చెబితే అదీ పొగిడినట్టే కదా?

మొదటి ఆట పర్చూరు జట్టుతో, పాలెం గ్రౌండులోనే. ఆ ఉదయానికి గోలు ఎంత పెరిగిందంటే, బాదు బెంచీని దాటి కరీమున్ పొయ్యి పక్కకొచ్చి నిలబడింది. అంటే బెంచీ, దాని మీద కూర్చునే మనుషులూ గోలుగీత మీద, రెండు బాదుల మధ్యకు వచ్చేశారు.

"ఇంకో మాటన్నారంటే బాదు నా పొయ్యిలోకొస్తుంది," అంది కరీమున్. "తర్వాత టీ ఎక్కడ తాగుతారో మీ ఇష్టం."

బెంచీ జరపమంటే నాగేంద్రబాబు జరపనన్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా అక్కడే కూర్చుంటున్నానన్నాడు. గోలులో కూర్చున్నవాళ్ళు ఆటలో ఉన్నట్టా లేనట్టా అనే రూలు రిఫరీకి దొరకలేదు. "బంతి తగిలితే తగిలినట్టే, పోతే పోయినట్టే" అని విజిలు ఊదాడు.

రెండో సగంలో మార్క్ కొట్టువైపు కొసకొచ్చాడు. అప్పటికి ఎవరికీ గోలు పడలేదు. అంత పొడుగు గోలును ఒక్క మనిషి కాయడం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. పొలం నాలుగు గట్లకూ ఒక్కడే కాపలా తిరిగినట్టు అతను ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. గడ్డం కింద మట్టి, కళ్ళనిండా కారం. అయినా ప్రతి బంతినీ అందుకున్నాడు. ఒకసారి గాల్లో అడ్డంగా తేలినట్టు దూకి వేలికొసతో బంతిని పక్కకు తోస్తే, ఇమ్మానియేలు నోటిదాకా శభాష్ వచ్చింది. నాలుక కరుచుకుని కూర్చున్నాడు.

ఆట ముగిసే వేళ పర్చూరు కుర్రాడు అటు చివర బంతి తన్నబోయినట్టు నటించి ఇటు తిప్పాడు. మార్క్ అటు దూకేశాడు. బంతి మాత్రం ఇటు, బెంచీ వైపు, దొర్లుతూ వస్తోంది. వేగం లేదు. కోడిపిల్ల నడిచొచ్చినట్టు వస్తోంది.

త్రినాథ్ అలవాటుగా కాళ్ళు పైకెత్తాడు, కొట్టు ఊడ్చేటప్పుడు ఎత్తినట్టు. నాగేంద్రబాబూ ఎత్తాడు. బంతి ఇమ్మానియేలు దగ్గరకొచ్చింది. అతను కాలు ఎత్తలేదు. ముందుకు చాచి, బంతిమీద పాదం పెట్టాడు. బంతి ఆగింది.

గ్రౌండంతా ఆగింది. అవతల మట్టిలో పడి ఉన్న మార్క్ తల ఎత్తి తండ్రినే చూస్తున్నాడు. మొహంలో చిన్నప్పటి వెలుగేదో కదిలింది.

"ఓహో!" అన్నాడు త్రినాథ్. "చూడండి బాబాయ్, కొడుకంటే ఎంత ముద్దో! బయటపడ్డాడు ఇమ్మానియేలు."

"ఇన్నాళ్ళూ దాచాడ్రోయ్," అన్నాడు నాగేంద్రబాబు, చప్పట్లు కొడుతూ. "కొడుకు మీద ప్రాణం!"

ప్రాణం అనే మాట విన్నాడు ఇమ్మానియేలు. అందరి కళ్ళూ ఒక్కసారిగా కొడుకు వైపు తిరగడం చూశాడు. క్రిస్మస్ పాటయ్యాక గుడిలో జనం ప్రకాష్ వైపు తిరిగింది కూడా ఇలాగే. 

కాలు ఎత్తేశాడు.

బంతి మళ్ళీ కదిలి, బెంచీ కిందనుంచి ఉల్లిపాయల గోతంలోకి వెళ్ళిపోయింది. రిఫరీ విజిలు ఊదాడు. మార్క్ లేచి, చేతి తొడుగులు విప్పి గీత మీద పెట్టి, తండ్రి పక్కనుంచే నడిచి రోడ్డెక్కాడు. అతను రోడ్డు మలుపు తిరిగేసరికి బాదులు వాటి చోటికి అవి వచ్చి, గోలు మామూలుగా నిలబడింది.

తర్వాత గోలులో ఒక లావుపాటి కుర్రాణ్ణి నిలబెట్టారు. వాడికి దూకడమే రాదు. గోలు చిన్నది కాబట్టి చాలా బంతులు వాడికే తగిలి పోయేవి. పాలెం ఆ ఏడు ఆరో స్థానంలో నిలిచింది. "చూశారా, ఆ తాలుకాయ పోయాకగానీ బాగుపడలేదు," అన్నాడు నాగేంద్రబాబు. వచ్చే ఏడు సెమీస్ ఖాయమన్నాడు. ఇమ్మానియేలు టీ తాగడం మానేశాడు. అదేమని కరీమున్ తప్ప ఎవరూ అడగలేదు.

వానలు వెనకబట్టాక పుల్లమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా పట్టుకుని మార్టూరు వెళ్ళాడు. పాలిషు యూనిటు ముందు రెండు పెద్ద సిమెంటు దిమ్మెలు, వాటి మధ్య ఇనుప గేటు బార్లా తెరిచి ఉంది. మధ్యాహ్నం పనికి వెళ్ళేవాళ్ళు లోపలికి పోతున్నారు. దిమ్మెల మధ్య నిలబడ్డ మార్క్‌ను అతను వెంటనే గుర్తుపట్టలేదు. కనుబొమలు, రెప్పలు, జుట్టు అంతా తెల్లటి పొడి. ముసలివాడిలా ఉన్నాడు. పలకరించబోయి మార్క్ దగ్గాడు. ఆ దగ్గు ప్రేమదాసు దగ్గు.

"తిండి తినవట్రా, దిక్కుమాలినోడా," అన్నాడు ఇమ్మానియేలు. నోటికి ఆ భాషే వచ్చింది.

దిమ్మెలు రెండూ చెరో మూర పక్కకు జరిగాయి. గేటు తలుపులు వెడల్పుకు చాలక వేలాడాయి.

"ఇక్కడ కూడానా నాన్నా," అన్నాడు మార్క్. సీసా తీసుకుని లోపలికి తిరిగాడు.

ఇంకో అడుగు వేస్తే ఆ పొడిలో కలిసిపోతాడు. ఇమ్మానియేలు కొడుకు వీపు చూశాడు. ఇన్నాళ్ళూ దిష్టి నుంచి దాచిపెట్టిన ఊపిరి ఇదేనా అనుకున్నాడు.  నోరు తెరిచాడు.

"నీ అంత కీపరు ఈ భూమ్మీద లేడురా."

పెద్దగా అనలేదు. దిమ్మెలకు వినపడింది. రెండూ నేల గీకుతూ దగ్గరికొస్తుంటే మార్క్ వెనక్కి, రోడ్డువైపుకు గెంతాడు. గేటు తలుపులు నలిగి ముడుచుకున్నాయి. దిమ్మెల మధ్య చెయ్యి దూరేంత సందే మిగిలింది. లోపలివాళ్ళు వెనకదారి వెతుక్కుంటూ వెళ్ళారు. సూపర్‌వైజరు సందులోంచి చూసి, "నువ్వు పక్కనుంటే ఇది తెరుచుకునేట్టు లేదు. రేపట్నించి రావద్దు," అని పోయాడు.

మార్క్ పగిలిన రాతిముక్క మీద కూలబడ్డాడు. తండ్రి వైపు చూడకుండా రెప్పల మీది పొడి తుడుచుకున్నాడు.

"ఇప్పుడా నాన్నా?" అన్నాడు చివరికి. "సీజనంతా అయిపోయాకా?"

ఇమ్మానియేలు ఎదురుగా కూర్చుని, కొడుకు ఛాతీ లేచి పడుతుంటే చూస్తూ ఉన్నాడు. అది లేచినప్పుడల్లా, మళ్ళీ లేస్తుందో లేదోనని.