దాత కాదు, తాత

ఆ అమ్మాయికి క్లాసులో పెట్టిన పేరు వణుకు. మెడికల్ కాలేజీలో శవాల్ని కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో మొదటిరోజు కత్తి పట్టుకుని ఏడో బల్ల ముందు నిలబడితే, ఆ చేతులు చూసి పక్కవాడు, "కోస్తున్నావా, తాళం వేస్తున్నావా?" అన్నాడు. ఏడాది తిరిగేసరికి వణుకు పోయింది గానీ పేరు అంటుకుపోయింది. పెట్టినవాళ్ళ సొమ్మేం పోయింది?

ఇప్పుడు ఆ వణుకు చేతుల్లోంచి గొంతులోకి పాకింది. చనిపోయాక తమ దేహాలను కాలేజీకి ఇచ్చినవాళ్ళకు ఏటా చేసే వందన సభలో, విద్యార్థుల తరఫున ఎవరు మాట్లాడాలా అని చీటీలు వేస్తే ఆమె పేరే వచ్చింది. ఎదురుగా కూర్చునేది ఆ దాతల కుటుంబాలు.

"నావల్ల కాదు మేడమ్. ఏడాదంతా కోసిందీ మేమే, ఇవాళ పూలు పట్టుకుని నిలబడేదీ మేమే. పైన పటారం, లోన లొటారం. వాళ్ళ మొహం ఎలా చూడను?"

అనాటమీ మేడమ్ కళ్ళజోడు తుడుచుకుంటూ, "రేపు ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి ఎవరి మొహం చూస్తావ్? గోడ మొహమా? వెళ్ళి రాసుకో" అంది. "ఒక్కటే షరతు. బల్ల దగ్గర పిల్చుకునే పిలుపులు సభలో వద్దు. 'దాత' అని రాయి, 'దాత' అనే చదువు."

మేడమ్ ఊరికే అనలేదు. ఏడో బల్ల మీదాయన్ని, ఆ బల్ల దగ్గర నేర్చుకునే వీళ్ళు నలుగురూ తాత అనేవాళ్ళు. ఆయన పేరు తెలియదు, ఊరు తెలియదు, తెలియనివ్వరాదని నియమం. పొద్దున్నే "తాతా, వచ్చాం" అనేవాళ్ళు. సాయంత్రం గుడ్డ కప్పి "వెళ్ళొస్తాం తాతా" అనేవాళ్ళు. తెలిసిందల్లా ఆయన చేతులు. కుడి చిటికెనవేలి మడత దగ్గర, ఏళ్ళ తరబడి దారం లాగితే పడ్డట్టు ఒక గాడి. ఎడమ చూపుడువేలి కొసన సూదిపోట్ల గరుకు. దర్జీ అని వణుకు, కాదు చెప్పులు కుట్టేవాడని పక్కవాడు, ఏడాదంతా పందెం.

సభ రోజు హాలు నిండిపోయింది. వణుకు మైకు ముందుకొచ్చి, కాగితంలో తల దూర్చి చదవడం మొదలుపెట్టింది. "మా దాత మాకు మొదటి గురువు. మా దాత..." బాగానే సాగుతోంది. చేతుల మాట వచ్చేసరికి ఏడో బల్ల కళ్ళముందు కదిలింది. నోరు జారింది.

"మా తాత చేతులు..."

వెనక వరుసలో ఎవడో కిసుక్కుమన్నాడు. మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. దిద్దుకోవడం ఎంత పని? ఒక్క అక్షరం. ఆమె కాగితం మడిచి పక్కన పెట్టేసింది. తల ఎత్తింది.

"తప్పు చదివాను. ఇందులో దాత అనే ఉంది. కానీ మేం ఆయన్ని ఏడాదిగా తాత అనే పిలిచాం. మొదటిరోజు నా చెయ్యి వణికితే, ఆయన చెయ్యి పట్టుకోగా పట్టుకోగా ఆగింది. వేలు మడవడానికి లోపల ఎన్ని నరాలు, ఎన్ని కండరాలు కలిసి పాటుపడతాయో ఆ చేతిలోనే చూశాను. ఆ చిటికెనవేలి మీద గాడి ఉంది. ఆయన దర్జీ అని నా పందెం."

"ఓడిపోయావమ్మాయ్!"

మూడో వరుసలోంచి ఒక ముసలామె లేచి నిలబడింది. హాలంతా అటు తిరిగింది.

"దర్జీ కాదు, పుస్తకాలు కుట్టి అట్టలు కట్టేవాడు. ఆయన నా మొగుడు. మైనం రాసిన దారం చిటికెనవేలికి తగిలించి లాగేవాడు. మీ లైబ్రరీలో లావుపాటి పుస్తకాలున్నాయే, అవి కుట్టింది ఆయనే. 'నలభై ఏళ్ళు పాఠానికి అట్ట వేశాను, ఇక నేనే పాఠమైపోతా' అని దేహం ఇచ్చే ఫారం మీద సంతకం పెట్టాడు."

ఆమె పక్కన తల దించుకుని కూర్చున్న పెద్దమనిషి వైపు తిరిగింది. "విన్నావా మరిదీ? అన్నని ముక్కలు చేయించానని ఏడాదిగా నాతో మాటల్లేవు. ముక్కలు కాలేదయ్యా మీ అన్న. మనవలయ్యాడు!"

ముందు చప్పట్లు కొట్టింది మేడమే. తర్వాత హాలు దద్దరిల్లింది. ఏడో బల్ల నలుగురూ కుర్చీలెక్కినంత పనిచేశారు.

సభ ముగియగానే ముసలామె వచ్చి వణుకు చెయ్యి పట్టుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది వణికే చెయ్యా? ఆయనే ఉంటే సూదీ దారం ఇచ్చి పక్కన కూచోబెట్టుకునేవాడు." అని మేడమ్ వైపు తిరిగింది. "నాకూ ఒక ఫారం తెప్పించమ్మా. పిల్లలకి ముందే చెప్పి ఉంచు, నేనొచ్చాక బామ్మా అనాలి. దాతా గీతా అంటే పలకను."

"ఎలాగూ పలకవు కదా వదినా" అన్నాడు మరిది.

ఏడాది తర్వాత ఆయన వదినతో అన్న మొదటి మాట అది. ముసలామె పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వణుకు ఆమె మొహంలోకి సూటిగా చూస్తూ, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.